తిరుపతిలో బుగ్గలకి ఫిల్లర్ వేయించుకున్నా, మొదటి నుంచి చివరి దాకా ఏం జరిగిందో (నా అనుభవం)

ఫిల్లర్ల (చర్మం కింద జెల్ ఎక్కించి గుంటలు, గీతలు నింపే ఇంజెక్షన్ల) గురించి తెలుగులో వెతికితే ముందు-తర్వాత ఫోటోలు, ఆఫర్ రేట్లు తప్ప ఆ కుర్చీలో కూర్చున్నాక ఏం చేస్తారో చెప్పేవాళ్ళు నాకు కనపడలేదు, అందుకే కూర్చుని మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు. నాకు 46 ఏళ్ళు, ఎమ్మార్ పల్లి వైపు ఉంటాం, ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్తాను.

పోయినేడాది టైఫాయిడ్ వచ్చింది, అది తగ్గే టైంకి షుగర్ బార్డర్లో ఉందన్నారు, అన్నం తగ్గించి వాకింగ్ పట్టుకునేసరికి 11 కేజీలు తగ్గాను. ఒంటికి బాగుంది, రిపోర్టులు బాగున్నాయి, మొహం మాత్రం పీక్కుపోయింది. బుగ్గలు లోపలికి పోయి, ముక్కు పక్కనుంచి నోటి చివరిదాకా రెండు గీతలు లోతుగా పడ్డాయి. ఎవరు కనపడినా "ఏం మేడం, ఒంట్లో బాలేదా" అనే మాటే. తిరుచానూరులో ఒక పెళ్ళిలో మా చుట్టాలావిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని "ఏదన్నా పెద్ద జబ్బా, నాతో అన్నా చెప్పు" అనింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది అందం కోసమేనా అంటే అవును, అందం కోసమే, మనశ్శాంతి కోసం కూడా. దానికి సిగ్గుపడాల్సిన పని లేదని నా ఉద్దేశం.

డిసెంబర్లో ముందు ఒక పార్లర్‌కి పోయి అడిగాను, పేరు చెప్పను. "ఆదివారం బెంగళూరు నుంచి డాక్టర్ వస్తారక్కా, రెండు పక్కలా కలిపి 12,000, పది నిమిషాల పని" అన్నారు. ఆ డాక్టర్ ఏం చదివారు అంటే "చాలా సీనియర్ అక్కా" అన్నారు. ఏ కంపెనీ మందు అంటే "ఇంపోర్టెడ్". బాక్స్ చూపిస్తారా అంటే ఆరోజు చూపిస్తాం అన్నారు. ఏమన్నా తేడా వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి అంటే మాత్రం ఆ అమ్మాయి నా వంక వింతగా చూసి "ఏమీ కాదక్కా, అందరికీ చేస్తున్నాం కదా" అనింది. ఆదివారం వచ్చి ఆదివారమే వెళ్ళిపోయే మనిషి, సోమవారం నాకు మొహం నల్లబడితే ఎవర్ని పట్టుకోవాల? లేచి వచ్చేశా.

మా చెల్లెలు చిత్తూరులో ఉంటుంది, ఆపరేషన్ థియేటర్ నర్సు. దానికి ఫోన్ చేసి చెప్తే మొదట తిట్టింది, తర్వాత శాంతంగా "చేయించుకో కానీ చర్మం డాక్టర్ దగ్గరే చేయించుకో, ఎండీ చదివిన వాళ్ళు, ఊర్లోనే ఉండేవాళ్ళు. ఇంకోటి, ఫ్రిజ్‌లో హయలురోనిడేజ్ ఉందా అని అడుగక్కా, ఉందంటే ఎన్ని వయల్స్ ఉన్నాయో కూడా అడుగు" అనింది. నాకు ఆ పేరు నోరు తిరగలేదు, కాగితం మీద రాసుకున్నా. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా పనికొచ్చిన సలహా ఇదే, ఎందుకో కింద చెప్తా.

జనవరిలో సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక డెర్మటాలజిస్ట్ దగ్గరికి పోయాను, కన్సల్టేషన్ 600. ఈ డాక్టరమ్మ నన్ను నవ్వమనింది, పళ్ళు బిగించమనింది, పడుకోబెట్టి చూసింది, కూర్చోబెట్టి చూసింది. తర్వాత ప్రశ్నలు. రక్తం పలచబడే మాత్రలు వాడతారా, ఇంతకుముందు మొహంలో ఏమన్నా ఇంజెక్షన్లు వేయించుకున్నారా, పెదాల మీద జ్వరం పొక్కులు వస్తుంటాయా, కీళ్ళవాతం లాంటి జబ్బులున్నాయా, ఈ మధ్య పళ్ళ పని ఏదన్నా చేయించారా, తేనెటీగ కుడితే ఒళ్ళంతా వాచిపోయి హాస్పిటల్‌కి పోవాల్సి వచ్చిందా ఎప్పుడన్నా? ఈ చివరిది ఎందుకో నాకు అర్థం కాలేదు, అడిగితే చెప్పింది: మేం వాడే ఫిల్లర్ హయలురానిక్ యాసిడ్ జెల్, దాన్ని కరిగించే మందు హయలురోనిడేజ్, తేనెటీగ విషంలో కూడా అలాంటి పదార్థమే ఉంటుంది, కాబట్టి దానికి అలర్జీ ఉన్నవాళ్ళకి ఈ మందు ఇచ్చేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి, అది ముందే తెలియాలి అని. నేను కాగితం తీసి మా చెల్లెలి ప్రశ్న అడిగాను. డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు, లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి చూపించింది. చిన్న చిన్న గాజు సీసాలు, అడుగున తెల్ల పొడి, 1500 యూనిట్లు అని రాసుంది, ఒక డబ్బా నిండా ఉన్నాయి. ఒక్కటి ఉంటే చాలదట, నిజంగా రక్తనాళం మూసుకుంటే గంట గంటకీ ఇస్తూ చర్మం రంగు తిరిగి వచ్చేదాకా ఇవ్వాల్సి రావచ్చట.

అసలు భయం ఏంటంటే, జెల్ పొరపాటున రక్తనాళంలోకి పోవడం. ముక్కు పక్క గీతలో పెద్ద రక్తనాళం పోతుంది, అది ఒక్కొక్కరికి ఒక్కో దారిలో, ఒక్కో లోతులో ఉంటుంది. జెల్ దాంట్లోకి పోయి అడ్డం పడితే ఆ రక్తం అందాల్సిన చర్మం చచ్చిపోతుంది. ఇంకా ఘోరం ఏంటంటే మొహంలో కొన్ని నాళాలు కంటికి పోయే నాళాలతో కలిసి ఉంటాయి, గట్టిగా నొక్కి ఎక్కిస్తే జెల్ వెనక్కి తన్నుకుని కంటి దాకా పోవచ్చు, చూపు పోవచ్చు, రక్తం అందకపోతే రెటీనా గంటా గంటన్నర మించి తట్టుకోదని చెప్పింది. నేను కనుబొమల మధ్య గీత కూడా చూపించి ఇక్కడ కూడా ఫిల్లర్ వేస్తారా అంటే ససేమిరా అనింది. "అక్కడా, ముక్కు మీదా నేను ఫిల్లర్ పెట్టను. కనుబొమల మధ్య గీతకి కావాలంటే బొటాక్స్ చేద్దాం, అది వేరే మందు, వేరే పని" అనింది. డబ్బులొచ్చే పనిని వద్దన్న చోట నాకు నమ్మకం కుదిరింది.

సూదితో కాకుండా క్యాన్యులాతో (మొన మొద్దుగా ఉండే సన్న గొట్టం) చేస్తానని చెప్పింది. అమెరికాలో 370 మంది చర్మ డాక్టర్లు వాడిన 17 లక్షల సిరంజీల లెక్క తీసి 2021లో ఒక స్టడీ వేశారట, సూదితో అయితే దాదాపు 6,400 సిరంజీలకి ఒకసారి నాళం మూసుకుంది, క్యాన్యులాతో అయితే దాదాపు 40,900కి ఒకసారి. "తగ్గుతుందమ్మా, సున్నా అవదు" అని రెండు సార్లు చెప్పింది. ఆ రెండోసారి చెప్పినప్పుడు నా కళ్ళల్లోకి చూసి చెప్పింది, నాకు గుర్తుండిపోయింది.

వెంటనే చెయ్యలేదు. నాకు ఒక పన్నుకి సిమెంట్ పెట్టించి అప్పటికి కొన్ని రోజులే అయింది, పళ్ళ పని అయ్యాక రెండు వారాలన్నా ఆగాలట, నోట్లో నుంచి క్రిములు రక్తంలో తిరిగి జెల్ దగ్గర చేరతాయని. చేప నూనె క్యాప్సూల్స్, విటమిన్ ఇ, వెల్లుల్లి మాత్రలు వారం ముందు ఆపమనింది, కమిలిపోవడం తగ్గుతుందని. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళు మాత్రం వాళ్ళ డాక్టర్‌ని అడక్కుండా ఆపకూడదు, ఇది గట్టిగా చెప్పింది, ఎవరన్నా చదువుతుంటే గుర్తుపెట్టుకోండి.

ఖర్చు: 1 ఎంఎల్ సిరంజి 26,000, నాకు రెండు కావాలన్నారు. 52,000 అని మనసులో అనుకుని పోతే బిల్లులో 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 9,360, మొత్తం 61,360. అందం కోసం చేయించుకునే వాటికి జీఎస్టీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇన్సూరెన్స్ రాదు. ఇంజెక్షన్‌కి ముందు నాళం ఎక్కడుందో చూసే స్కానింగ్‌కి (కింద చెప్తా) విడిగా తీసుకోలేదు. ఈ డబ్బు నేను చీటీ ఎత్తుకుని కట్టాను, మా ఆయనకి చెప్పే చేశా.

ఫిబ్రవరి రెండో శనివారం, కాలేజీ సెలవు, పొద్దున 10 గంటలకి మొదటి టైం నాకే ఇచ్చారు. కావాలనే పొద్దున పెట్టారట, ఏదన్నా తేడా కనపడితే పగలంతా క్లినిక్ తెరిచే ఉంటుందని. సాయంత్రం చేయించుకుని రాత్రి రైలెక్కేవాళ్ళకి చెయ్యనంది. మేకప్ లేకుండా రమ్మన్నారు, అయినా మొహం అంతా రెండు సార్లు తుడిచారు, ఫోటోలు తీశారు, కన్సెంట్ ఫారం ఇచ్చి చదువుకోమని టైం ఇచ్చారు. దాంట్లో "చూపు కోల్పోవడం" అనే మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. కాసేపు అట్లే కూర్చున్నా. మా ఆయన బయట నుంచి "వద్దంటే వెళ్ళిపోదాం పద" అన్నాడు. సంతకం పెట్టా.

సిరంజి బాక్స్ నా ముందే సీల్ తీశారు, ఎక్స్‌పైరీ చూపించారు, దాని మీద లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్లు ఉంటాయి, ఒకటి నా ఫైల్లో అంటించి ఇంకోటి నాకిచ్చిన కార్డు మీద అంటించారు.

తర్వాత అల్ట్రాసౌండ్. కడుపుకి చేసే పెద్ద మెషీన్ కాదు, ట్యాబ్‌కి తగిలించే చిన్న ప్రోబ్. చల్లని జెల్ పూసి ముక్కు పక్కన మెల్లగా జరుపుతుంటే స్క్రీన్ మీద బూడిద రంగు పొరలు, మధ్యలో ఒక ఎర్ర చుక్క టుక్కు టుక్కుమని కొట్టుకుంటా ఉంది. "ఇదిగో, ఇదే మీ నాళం" అని చూపించింది. కుడి పక్క అది గీతకి దూరంగా పోతోంది, ఎడమ పక్క సరిగ్గా గీత కిందే, అదీ చర్మానికి దగ్గరగా. నా మొహంలోనే రెండు పక్కలా రెండు రకాలు! తెల్ల పెన్సిల్‌తో దాని దారి గీసి, ఎడమ పక్క ఆ లోతులో పెట్టను, ఇంకా పైపొరలోనే కొంచెమే పెడతాను అనింది. ఇది చూడకుండా చేసుంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తిరుపతిలో ఈ స్కాన్ అందరూ చెయ్యరు, చెయ్యనివాళ్ళందరూ చెడ్డ డాక్టర్లనీ కాదు, కానీ అడిగి చూడండి.

క్యాన్యులా ఎట్లా ఉంటుందో చూపించమన్నా. సన్నగా పొడుగ్గా, వంగే గొట్టం, మొన గుండ్రంగా మూసేసి ఉంటుంది, జెల్ వచ్చే రంధ్రం పక్కన ఉంటుంది. డాక్టరమ్మ దాన్ని తన గ్లవ్ వేలి మీద పెట్టి నొక్కింది, గుచ్చుకోలేదు, వంగిపోయింది. నాళం తగిలినా చాలావరకు పక్కకి జారిపోతుందట. మరీ సన్నవి వాడితే సూదిలాగే లోపలికి దూరిపోతాయని, 25 నంబర్ కంటే సన్నది వాడనని చెప్పింది (ఈ నంబర్ పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది).

బుగ్గ మీద ఒక చోట కొంచెం మత్తు మందు వేసి, సూదితో ఒక చిన్న దారి చేసి, దాంట్లోంచి క్యాన్యులా పంపించారు. మత్తు మందులో కూడా అడ్రినలిన్ లేనిదే వాడారు, అది ఉంటే చర్మం తెల్లబడుతుంది, నిజంగా నాళం మూసుకుని తెల్లబడిందా మందు వల్లా అనేది తెలియదని. నొప్పి అంటే, ఆ మొదటి సూది తప్ప పెద్దగా లేదు. కానీ లోపల గరగరమని శబ్దం, చెవిలో నుంచి వినపడినట్టు ఉంటుంది, అది ఎవరూ చెప్పలేదు నాకు, గుండె దడదడలాడింది. అది మామూలేనట, పొరల మధ్య గొట్టం జరిగే శబ్దం.

జెల్ ఒకేసారి నొక్కెయ్యలేదు. 0.1 ఎంఎల్ కంటే తక్కువ, మెల్లగా, గొట్టాన్ని కదుపుతూ, ఆగడం. ఆగిన ప్రతిసారీ "నొప్పా, ఒత్తిడా? చూపు బాగుందా? నా వేళ్ళు ఎన్ని?" అని అడిగేది. సిస్టర్ పక్కన నిలబడి నా మొహం చూడటమే పనిగా పెట్టుకుంది, వేలితో నొక్కి వదిలి రంగు తిరిగి వస్తోందా అని చూస్తా ఉంది. మన చామనఛాయ చర్మంలో తెల్లబడటం అంత తేలిగ్గా కనపడదట, బూడిద రంగుగా కనపడొచ్చు, అందుకే పై పెదవి ఎత్తి లోపల చిగురు రంగు కూడా చూసింది, రెండు పక్కలూ పోల్చి. బుగ్గ ఎముక మీద మాత్రం సూదే వాడారు, ఎముకకి ఆనించి, వెనక్కి లాగి కాసేపు ఆగి రక్తం వస్తుందా చూసి. రక్తం రాలేదంటే నాళంలో లేమని గ్యారంటీ కాదు, అయినా చూస్తాం అనింది.

ముప్పావు గంట పట్టింది. రెండో సిరంజిలో 0.3 దాకా మిగిలిపోయింది. దాచిపెట్టి తర్వాత వేస్తారా అని అడిగా, 26,000 రూపాయల సిరంజి కదా. తెరిచింది దాచకూడదు, క్రిములు చేరతాయి, అని నా ముందే పారేసింది. ప్రాణం ఉసూరుమంది, కానీ ఎక్కువ పెట్టించుకోవడం కంటే అదే మేలు అనిపించింది.

అరగంట అక్కడే కూర్చోబెట్టి, మళ్ళీ నొక్కి చూసి పంపించారు. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసిచ్చారు: మందుకి తగ్గనంత నొప్పి, చర్మం తెల్లగానో బూడిదగానో మారడం, వల మాదిరి ఊదా రంగు గీతలు, ఆ చోటు చల్లగా ఉండటం, చూపు మసక, వీటిల్లో ఏది వచ్చినా ఏ టైం అయినా ఫోన్. రెండు మూడు రోజులకి ఆ చోట చీము పొక్కుల్లాంటివి వస్తే మొటిమలనుకుని క్రీం పూసుకోవద్దు, అది కూడా నాళం మూసుకున్న గుర్తే కావచ్చు అని కూడా ఉంది. చూపు మసకైతే మాత్రం ఫోన్ చేస్తూనే కంటి ఆసుపత్రికి బయల్దేరమని ఆ నంబర్ కూడా రాశారు.

ఆ రాత్రి 9 గంటలప్పుడు ఐస్ పెట్టుకుని తీసి అద్దంలో చూస్తే ఎడమ పక్క ముక్కు కింద ఒక రూపాయి బిళ్ళంత చోటు పాలిపోయి ఉంది. అదే పక్క, నాళం దగ్గరగా ఉన్న పక్క. నాకు కాళ్ళు చేతులు ఆడలేదు. నొక్కి చూస్తే రంగు రావడం లేదనిపించింది, నిజంగా రావడం లేదో నా భయమో తెలియలేదు. ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తింది, వీడియో పెట్టించింది, "ఐస్ పూర్తిగా ఆపెయ్యండి, గోరువెచ్చని గుడ్డ పెట్టండి, బయల్దేరి వచ్చెయ్యండి, నేను క్లినిక్ తెరుస్తా" అనింది. బండి మీద పోతుంటే దారంతా నేను ఏడుస్తూనే ఉన్నా. క్లినిక్‌లో లైటు కింద చూసి, చిగురు చూసి, మళ్ళీ ప్రోబ్ పెట్టి చూస్తే ఆ ఎర్ర చుక్క కొట్టుకుంటా ఉంది, అంతా మామూలుగా. ఐస్ ఎక్కువసేపు పెట్టడం వల్ల పాలిపోయిందట, వెళ్ళేసరికే సగం రంగు తిరిగి వచ్చేసింది. ఊరికే పిలిచానే అని నేను సారీ చెప్తే డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఇట్లాంటి ఫోన్లు పది వచ్చినా పర్లేదమ్మా, రాని ఒక్క ఫోన్ వల్లే మొహాలు పాడవుతాయి" అనింది. ఆ రాత్రికి డబ్బు తీసుకోలేదు. ఆదివారం డాక్టర్ దగ్గర చేయించుకుని ఉంటే ఆ టైంలో నేను ఎవరి తలుపు కొట్టాలి, ఇది మాత్రం ఆలోచించండి.

తర్వాత మూడు రోజులు వాపు, నవ్వితే బిగుతు, కుడి బుగ్గ మీద కమిలి ఆకుపచ్చగా అయి వారం దాటాక పోయింది. సోమవారం కాలేజీకి మాస్క్ పెట్టుకుని పోయా. తల ఎత్తుగా పెట్టి పడుకోవడం, రెండు రోజులు వాకింగ్ లేదు, రెండు వారాలు ఫేషియల్ లేదు, రుద్దడం అసలే లేదు. లోపల చిన్న గడ్డలు చేతికి తగిలేవి, భయపడి ఫోటో పంపితే ఆగమన్నారు, రెండు వారాల్లో సర్దుకున్నాయి.

నెలాఖరున రివ్యూ. గీతలు పూర్తిగా పోలేదు, సగం పైన తగ్గాయి, బుగ్గ నిండింది, నా మొహం నా మొహంలానే ఉంది, నాకు కావాల్సింది అంతే. ఎడమ పక్క కుడి కంటే కొంచెం లోతుగా ఉంది, ఇంకొంచెం పెడదామా అని నేనే అడిగా. అక్కడ నాళం ఉన్న చోట చూస్తే అంతకంటే పెట్టడం మంచిది కాదనింది, నేను కూడా బలవంతం చెయ్యలేదు. కళ్ళ కింద గుంటలు అడిగితే ముందు ఇది మూడు నెలలు సర్దుకోనిద్దాం అనింది. ఇది ఏడాది అటూ ఇటూ ఉంటుందట, మనిషిని బట్టి.

ఇప్పుడు మార్చిలో ఇంకో పన్ను పని ఉంది. డెంటిస్ట్‌కి ఫోన్ చేసి ఫిల్లర్ సంగతి చెప్పా, స్టిక్కర్ ఉన్న కార్డు ఫోటో పంపించా, కార్డు తీసుకుని రమ్మన్నారు.